క్లెయిము ఫారంలో డ్రైవరు పేరు

సలహా కోరుతూ ఒకామె ఉత్తరం రాశారు. కారు ఆమె పేరున ఉంది. బ్యాంకు రుణంతో కొని నాలుగేళ్లు దాటింది, ఇంకా వాయిదాలు మిగిలే ఉన్నాయి. పదిహేడు రోజుల క్రితం బంధువుల ఇంట శుభకార్యం నుంచి తిరిగి వస్తున్నప్పుడు ఆ కారును ఆమె మరిది నడిపాడు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అతని చేతిలో ఉన్నది నాలుగు నెలల నాటి లెర్నర్ లైసెన్సు. పక్క సీట్లో మామగారు, వెనక అత్తగారు. చీకటి పడే వేళ పక్క దారిలోంచి వచ్చిన స్కూటరును తప్పించబోయాడు. కారు స్కూటరుకు తగిలి, ఆ తర్వాత డివైడరును ఢీకొట్టింది. స్కూటరు మీద ఉన్న నలభై ఏళ్ల వ్యక్తికి కాలి ఎముక విరిగింది. మరిదికి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఆ సమయంలో ఆమె, ఆమె భర్త ఇంట్లోనే ఉన్నారు. కబురు అందగానే పరుగెత్తిన భర్త అక్కడి నుంచే బీమా కంపెనీకి ఫోను చేసి, "బండి నేనే నడిపాను" అని చెప్పేశారు.

గాయపడిన వ్యక్తి తమ్ముడి ఫిర్యాదు మీద పోలీసులు కేసు నమోదు చేశారు. అందులో కారు నంబరు ఉంది, నడిపినవారి పేరు లేదు. ఎవరు నడిపారో తెలపాలంటూ యజమానిగా ఆమెకు నోటీసు వచ్చింది. బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకెళ్లారు. గ్యారేజీవారు రూ.2,90,000 అంచనా ఇచ్చారు. పాలసీ మామూలు సమగ్ర పాలసీ, తరుగుదల మినహాయింపు లేకుండా చెల్లించే అదనపు రక్షణ అందులో లేదు. పాలసీలో కారు విలువ రూ.5,20,000. క్లెయిము ఫారం వారం రోజులుగా బల్ల మీదే ఉంది. "డ్రైవరు దగ్గర మీ వారి పేరు రాయండి మేడం, అందరూ చేసేది అదే" అని గ్యారేజీలో సలహా ఇచ్చారు. "పిల్లాడి భవిష్యత్తు నీ సంతకంలో ఉంది" అని అత్తగారు అన్నారు. భర్త నాలుగు రోజులుగా ముఖం చూసి మాట్లాడటం లేదు. ఇంతలో గాయపడిన వ్యక్తి తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, లక్షన్నర ఇస్తే బాండు పేపరు మీద రాజీ రాసిస్తామన్నారు.

ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. నిజం రాస్తే క్లెయిము పోతుందా? అబద్ధం రాస్తే తనకేమవుతుంది? ఉత్తరం చివర మరో వాక్యం ఉంది: "ఆ స్కూటరాయన మూలుగు నేను వినలేదు, అయినా రాత్రిళ్లు వినిపిస్తోంది."

అమ్మా,

మీరు అడిగిన వాటికంటే ముందు మీరు అడగనిది ఒకటి చెబుతాను. "పక్క సీట్లో మామగారు" అన్న మాటను మీరు సందర్భవశాత్తు రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. లెర్నర్ లైసెన్సు అనగానే క్లెయిము పోయినట్టేనని మీ ఇంట్లో అందరూ నమ్మారు. మీ వారి నోట ఆ రాత్రి వచ్చిన మాట ఆ నమ్మకంలోంచే వచ్చింది. ఆ నమ్మకమే తప్పు అయ్యే అవకాశం బాగా ఉంది.

పాలసీ పత్రంలో ఎవరు బండి నడపవచ్చో చెప్పే నిబంధన ఒకటి ఉంటుంది. తీసి చదవండి. చెల్లుబాటులో ఉన్న లెర్నర్ లైసెన్సు గలవారు కూడా నడపవచ్చని, అయితే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 3వ నియమాన్ని పాటించి ఉండాలని అందులో కనిపిస్తుంది. ఆ నియమం అడిగేది ఇది: నేర్చుకుంటున్న వ్యక్తి పక్కన, ఆ రకం బండికి చెల్లే లైసెన్సు ఉన్నవారు ఉండాలి. అవసరమైతే బండిని అదుపు చేయగల, ఆపగల చోట వారు కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, మీ మరిదిది నాలుగు నెలలదే. కాబట్టి ఇప్పుడు మీ క్లెయిము చాలావరకు ఆధారపడి ఉన్నది మీ మామగారి లైసెన్సు మీద.

ఆయనకు కారు నడిపే లైసెన్సు ఉందా, లేక స్కూటరుకు మాత్రమేనా? ప్రమాదం జరిగిన రోజుకు గడువు ఉందా? ఈ రెండో ప్రశ్న తేలిగ్గా తీసుకోవద్దు. యాభై అయిదేళ్లు దాటినవారికి లైసెన్సును ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. పాత పుస్తకం లాంటి లైసెన్సు బీరువాలో పెట్టుకుని, అది జీవితాంతం చెల్లుతుందనుకునే పెద్దలు ఎందరో ఉన్నారు. చెల్లుబాటు తేదీని స్వయంగా చూడండి. ‘ఎల్’ పలక లేదనే అనుకుంటున్నాను, ఉంటే మీరు రాసేవారు. అది లోపమే, కంపెనీ ఎత్తి చూపవచ్చు. కానీ పక్కన లైసెన్సుదారు ఉన్నప్పుడు, ఆ పలక లేకపోవడం వల్లనే ప్రమాదం జరిగిందని వాదించడం వారికి కష్టం.

మామగారి లైసెన్సు సరిగా ఉంటే మీ నిజం మీకు ఇప్పించగలిగే డబ్బునే మీ ఇంటి అబద్ధం పోగొట్టబోతోంది. క్లెయిము కాగితాలు చూసే బల్ల వెనక నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. న్యాయంగా రావలసిన డబ్బును భయంతో చెప్పిన అబద్ధం వల్ల పోగొట్టుకున్నవారిని చూసినప్పుడు కలిగిన బాధ మోసగాళ్లను చూసినప్పుడు కూడా కలగలేదు.

మీ తల మీద మూడు వేర్వేరు వ్యవహారాలు ఒకే ముద్దగా పడ్డాయి. కారు బాగు చేయించుకోవడం మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం. గాయపడిన వ్యక్తికి పరిహారం రావడం చట్టం ఆయనకిచ్చిన హక్కు, దాన్ని మీ పాలసీ మోస్తుంది. నిర్లక్ష్యంగా నడిపారా లేదా అన్నది పోలీసులు, కోర్టు తేల్చేది. మూడింటికీ నియమాలు వేరు, కానీ మూడింట్లోనూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బండి ఎవరు నడిపారు? అందుకే ఒక చోట రాసిన పేరు ఆ చోటే ఉండిపోదు.

అబద్ధం ఎలా బయటపడుతుందని మీ వారు అనుకుంటూ ఉండవచ్చు. మీ మరిది నుదుటికి కుట్లు వేసిన ఆస్పత్రిలో, రోడ్డు ప్రమాదం కాబట్టి, గాయం ఎలా తగిలిందో రాసుకుని ఉంటారు. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడి గాయం అది. మీ వారికి చిన్న గీత కూడా పడలేదు. గాయపడిన వ్యక్తి తనను ఢీకొన్న కారులోంచి దిగిన కుర్రవాణ్ణి చూసి ఉంటాడు. అతని తమ్ముడు, అక్కడ గుమిగూడినవారు చూసి ఉంటారు. ఆ సాయంత్రం మీ వారి ఫోను ఎక్కడ ఉందో తెలుసుకోవడం దర్యాప్తు అధికారికి పెద్ద పని కాదు. దారిలో కెమెరాలు ఉంటే అవి వేరు. ఒక్క సంతకం నిలబడాలంటే ఇంతమంది జ్ఞాపకాలు చెరిగిపోవాలి.

బయటపడితే ఏమవుతుంది? తప్పుడు సమాచారంతో క్లెయిము చేశారని సొంత నష్టం క్లెయిమును, అంటే మీ కారు మరమ్మతుకు అడిగే డబ్బును, కంపెనీ మొత్తంగా తిరస్కరించవచ్చు. ఫారం మీద సంతకం మీది కాబట్టి మోసం ఆరోపణ మీ మీదికే వస్తుంది. పోలీసులకు కూడా అదే పేరు రాసిస్తే, నేరం చేసినవారిని కాపాడేందుకు తప్పుడు సమాచారం ఇచ్చారన్న ఆరోపణ భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షను కింద మీకూ మీ వారికీ రావచ్చు. అది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. మరి బయటపడకపోతే? మీ వారు చేయని ప్రమాదానికి ముద్దాయిగా ఏళ్ల తరబడి కోర్టుకు తిరుగుతారు. అవతల ఆ కాలు విరిగిన మనిషి తనను గుద్దింది ఈయన కాదని తెలిసి కూడా, ఈయన పేరుతో ఉన్న కాగితాల మీద తన పరిహారం కోసం పోరాడాలి. మీ రాత్రిళ్లు ఎందుకు నిద్ర పట్టడం లేదో నాకు అర్థమవుతోంది.

ఇంకా మంచి వార్త ఒకటి ఉంది. మీరు ఇంతవరకూ ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. పోలీసులకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. జరిగింది కంగారులో చేసిన ఒక ఫోను కాల్. ఇప్పుడైతే దాన్ని మీరే సరిదిద్దవచ్చు. రేపు కంపెనీ దర్యాప్తుదారు కనిపెట్టాక సరిదిద్దడం అనేది ఉండదు. స్వయంగా, ముందుగా, రాతపూర్వకంగా చెప్పిన దిద్దుబాటుకు ఉన్న విలువ పట్టుబడ్డాక చెప్పిన నిజానికి ఉండదు.

కంపెనీకి మీరు రాయగలిగిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంటుంది: "ఫలానా క్లెయిము నంబరుకు సంబంధించి ఈ వివరణ ఇస్తున్నాను. ప్రమాదం జరిగిన రాత్రి నా భర్త కంగారులో ఫోను చేసి, బండి తానే నడిపినట్లు చెప్పారు. అది సరికాదు. బండి నడిపింది నా మరిది. అతనికి చెల్లుబాటులో ఉన్న లెర్నర్ లైసెన్సు ఉంది. పక్క సీట్లో లైసెన్సు గల మా మామగారు ఉన్నారు. ఇద్దరి లైసెన్సుల ప్రతులు జతచేశాను. నా సంతకంతో ఇస్తున్న మొదటి పత్రం ఇదే, దయచేసి దీన్నే ఆధారంగా తీసుకోండి." ఈమెయిలు పంపండి, కాగితం మీద ఇచ్చి అందినట్లు ముద్ర వేయించుకోండి. క్లెయిము ఫారంలో అవే వివరాలు రాయండి. ఇంతకు మించి వివరణలు, క్షమాపణలు, ప్రమాదం ఎవరి తప్పు అన్న అభిప్రాయాలు రాయవద్దు.

దీనివల్ల కంపెనీ వెంటనే సరేనంటుందని మాట ఇవ్వలేను. దర్యాప్తుదారును వేయవచ్చు. మొదట తప్పు చెప్పారు కదా అని మెలిక పెట్టవచ్చు. కొంత ఆలస్యం జరుగుతుంది. అయినా మామగారి లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మీరు నిలబడేది గట్టి నేల మీద.

మామగారి లైసెన్సు గడువు తీరిందనో, స్కూటరుకు మాత్రమే ఉందనో తేలితే పరిస్థితి వేరు. అప్పుడు సొంత నష్టం క్లెయిము తిరస్కరణకు గురయ్యే అవకాశమే ఎక్కువ. పాలసీ షరతు ఉల్లంఘన జరిగినా క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం వరకూ చెల్లించే పద్ధతిని 2010లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో ఆమోదించింది. దాన్ని ఉటంకిస్తూ మీరు అడగవచ్చు, అడగడంలో నష్టం లేదు. అయితే ఆ కేసు బండిని అద్దెకు తిప్పిన వ్యవహారం. లైసెన్సు లోపం ఉన్నచోట కంపెనీలు అంత సులువుగా ఒప్పుకోవు. అది దొరుకుతుందన్న లెక్కతో అప్పు చేయవద్దు.

ఆ దారిలో మీకు ఇంకో మార్గం ఉంది: సొంత నష్టం క్లెయిమును వెనక్కి తీసుకొని కారు మీ డబ్బుతో బాగు చేయించుకోవడం. భారమే, కానీ అందులో అబద్ధం లేదు. నో క్లెయిమ్ బోనస్ కూడా మిగులుతుంది. నాలుగేళ్లు క్లెయిము లేకుండా గడిపి ఉంటే మీకు సొంత నష్టం ప్రీమియంలో 45 శాతం తగ్గింపు వస్తూ ఉండాలి. క్లెయిము చేస్తే అది సున్నాకు పడిపోతుంది. ఒక్క మాట మాత్రం మరచిపోవద్దు. ఆ క్లెయిము వదులుకున్నంత మాత్రాన డ్రైవరు ఎవరన్న ప్రశ్న పోదు. పోలీసు నోటీసుకు జవాబివ్వాలి, గాయపడిన వ్యక్తి పరిహారం విషయమూ కంపెనీకి తెలపాలి. ఆ రెండు చోట్లా రాయవలసింది మరిది పేరే.

ఆ నోటీసు గురించి. బండి ఎవరు నడిపారో యజమాని తెలపాలని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను చెబుతోంది. తప్పించుకునే దారి వెతకవద్దు. అయితే జవాబు ఇచ్చేముందు మీ మరిది కోసం ఒక న్యాయవాదిని కలవండి. మామూలుగా ఇలాంటి కేసుల్లో పెట్టేవి న్యాయ సంహితలోని 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125 (నిర్లక్ష్యంతో ఇతరులను గాయపరచడం) సెక్షన్లు. ఎముక విరిగింది కాబట్టి తీవ్ర గాయం కిందికి వస్తుంది, దానికి గరిష్ఠంగా మూడేళ్ల వరకూ శిక్ష ఉంది, జరిమానాతో పోవడమూ ఉంది. ఇవి బెయిలు హక్కుగా దొరికే నేరాలు. మీ అత్తగారు ఊహించుకుంటున్న చీకటి అంత దట్టమైనది కాదు. స్కూటరు పక్క దారిలోంచి ఉన్నట్టుండి వచ్చిందన్నది నిజమైతే, ఆ మాట చెప్పడానికి అర్హత ఉన్నది కూడా నడిపినవాడికే. నడపని మీ వారు ఆ సాక్ష్యం ఎలా చెబుతారు? మామగారి లైసెన్సు చెల్లకపోతే, చెల్లని లైసెన్సుతో నడిపినందుకు మరిదికి, నడపనిచ్చినందుకు యజమానిగా మీకు రూ.5,000 చొప్పున జరిమానా పడవచ్చు. కట్టేయండి.

ఇప్పుడు గాయపడిన ఆయన సంగతి. మీకు తెలియాల్సిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, లెర్నర్ లైసెన్సుతో నడిపినప్పుడు కూడా మూడో వ్యక్తికి, అంటే ప్రమాదంలో గాయపడిన బయటివారికి, పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీదేనని 2004లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. షరతుల ఉల్లంఘన ఉన్నా మొదట బాధితుడికి చెల్లించి, ఆ తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కంపెనీలను ఆదేశించే పద్ధతీ ఉంది. అలా రాబట్టుకునే పరిస్థితి మామగారి లైసెన్సు చెల్లని పక్షంలో మీకు ఎదురుకావచ్చు. అందుకే పరిహారం కేసు నోటీసు వస్తే దాన్ని పక్కన పడేయకుండా అదే రోజు కంపెనీకి పంపి, మీ తరఫునా వకీలును పెట్టుకోవాలి. శరీర గాయాలకు పాలసీ ఇచ్చే రక్షణకు గరిష్ఠ పరిమితి లేదు. చికిత్స ఖర్చు, పోయిన సంపాదన, కాలు పూర్వంలా పనిచేయకపోతే దానికి తగిన మొత్తం, ఇవన్నీ ఆయన అడగవచ్చు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో దరఖాస్తుకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే గడువు.

లక్షన్నర రాజీ కాగితం మీద సంతకం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, ఇస్తామనడం గానీ, ఇవ్వడం గానీ చేయరాదని మీ పాలసీలోనే షరతు ఉంది. మీరు డబ్బిచ్చాక ఆ మొత్తాన్ని కంపెనీ మీకు తిరిగి ఇవ్వదు. ఇంట్లో రాసుకున్న రాజీతో 281వ సెక్షను కేసు దానంతట అది పోదు. ఆ కాగితం ఉన్నా ఆయన రేపు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇవన్నీ అలా ఉంచి, ఇంకో కోణం చూడండి. కాలు విరిగి మంచంలో ఉన్న మనిషికి లక్షన్నర ఇప్పుడు చాలా పెద్దగా కనిపిస్తుంది. ఆయనకు రావలసింది అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. మధ్యలో వచ్చిన పెద్దమనిషి ఆ సంగతి ఆయనకు చెప్పాడో లేదో మనకు తెలియదు.

అంటే ఆస్పత్రి వైపు వెళ్లకూడదని కాదు. వెళ్లండి. పలకరించండి. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు రూ.1,50,000 వరకూ నగదు లేని చికిత్స ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 2025లో వచ్చింది. ఆయన బిల్లులో అది వర్తించిందో లేదో ఆస్పత్రి వారిని, పోలీసులను అడిగి చూడమని చెప్పండి. పరిహారానికి ఆరు నెలల గడువు ఉందని కూడా చెప్పండి. మీకు వ్యతిరేకంగా కేసు వేయమని మీరే చెప్పడం మీ వారికి వింతగా తోచవచ్చు. కానీ ఆ డబ్బు ఇవ్వడానికే మీరు ఏటా తప్పనిసరి బీమా కడుతున్నారు. మందులకో, మనిషి సాయానికో కొంత ఇవ్వాలనిపిస్తే ముందు కంపెనీకి ఒక మాట రాసి, వకీలును అడిగి ఇవ్వండి.

మీ కారు డబ్బు లెక్క కూడా చూద్దాం. ఎందుకంటే ఇంట్లో ఈ గొడవంతా రూ.2,90,000 కోసం అన్నట్లు నడుస్తోంది, వాస్తవానికి అంత రాదు. మరమ్మతు ఖర్చు పాలసీ విలువలో 75 శాతం దాటితేనే కారును పూర్తి నష్టంగా లెక్కిస్తారు. మీ విషయంలో ఆ గీత రూ.3,90,000. కాబట్టి మీది మరమ్మతు క్లెయిము. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉన్న కారుకు లోహపు భాగాల మీద 35 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగుదల తీసేస్తారు. అద్దాలకు తరుగుదల లేదు, కూలికి లేదు. రంగు ఖర్చులో పావు వంతును సామగ్రిగా లెక్కించి అందులో సగం తగ్గిస్తారు.

గ్యారేజీ అంచనాను ఈ పద్దుల కింద విడగొట్టి ఇమ్మనండి. ఉదాహరణకు లోహపు భాగాలు లక్ష, ప్లాస్టిక్ వగైరా ఎనభై వేలు, అద్దాలు ఇరవై వేలు, కూలి యాభై వేలు, రంగు నలభై వేలు అనుకుందాం. వచ్చేవి వరుసగా 65 వేలు, 40 వేలు, 20 వేలు, 50 వేలు, 35 వేలు. మొత్తం రూ.2,10,000. తప్పనిసరి కోత 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, అంతకు మించితే రెండు వేలు. పోగా చేతికి వచ్చేది దాదాపు రూ.2,09,000. సర్వేయరు కొన్ని భాగాలను మార్చనక్కర్లేదు, సరిచేస్తే చాలంటే ఇంకా తగ్గుతుంది. మీ వారితో కూర్చుని ఈ అంకెలు ఒకసారి కాగితం మీద వేయండి. తన మీద క్రిమినల్ కేసు వేసుకోవడానికి ఆయన సిద్ధపడుతున్నది ఈ మొత్తం కోసం. పోయినా తీర్చుకోగల అప్పు ఇది.

సర్వేయరు నివేదిక ప్రతి అడిగితే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ప్రస్తుత నిబంధనల ప్రకారం సర్వేయరు 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. మీ దిద్దుబాటు వల్ల దర్యాప్తు పడితే ఇది సాగవచ్చు, కానీ ఎందుకు సాగుతోందో రాతలో అడగండి. విప్పిన పాత భాగాలను గ్యారేజీలోంచి తీసేయనివ్వకండి, మరోసారి చూస్తామని సర్వేయరు అనవచ్చు.

కంపెనీ తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించిందో రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి, రూ.50 లక్షల వరకూ విచారిస్తారు. ఇచ్చిన తీర్పు కంపెనీకి తప్పనిసరి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి రెండేళ్ల గడువు. మీ సమస్య చట్టపరమైన మెలికలు ఉన్నది కాబట్టి, మామగారి లైసెన్సు సరిగా ఉంటే అంబుడ్స్‌మన్‌ను, లోపం ఉండి 75 శాతం వాదన చేయాలంటే కమిషన్‌ను ఎంచుకుంటాను నేనైతే. తక్కువ మొత్తం ఇస్తూ, ఇదే తుది పరిష్కారమని రశీదు మీద సంతకం అడిగితే, అభ్యంతరం ఉందని అదే రోజు ఈమెయిలు పంపి తీసుకోండి. అలాంటి సంతకం తర్వాత న్యాయం కోరడానికి అడ్డు కాదని బీమా నియంత్రణ సంస్థ 2015లోనే కంపెనీలకు తెలిపింది.

ఇక ఇంటి సంగతి. మీ వారి మీద కోపం పెట్టుకోవద్దు. రక్తం కారుతున్న తమ్ముణ్ణి చూసి ఆ నిమిషంలో తన మెడ ముందుకు చాచిన అన్న ఆయన. ఆ ప్రేమను తక్కువ చేసి మాట్లాడితే ఆయన ఇంకా బిగుసుకుపోతారు. "ఆ రాత్రి మీరు చేసింది తమ్ముడి కోసం, నాకు తెలుసు. దాన్ని నా సంతకంతో నేరంగా మార్చవద్దు" అని చెప్పి చూడండి. అత్తగారితో వాదనకు దిగవద్దు. ఆమెతో మాట్లాడవలసింది మామగారు. పక్క సీట్లో ఉన్న మనిషిగా ఈ వ్యవహారంలో ఆయన సాక్ష్యమే ముఖ్యం, ఆ బరువు ఆయనకూ తెలిసి ఉంటుంది. ఇన్ని రోజులుగా ఆయన ఏమంటున్నారో మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఆయన్ను ఎవరూ అడగలేదేమోనని నా అనుమానం.

మీ మరిదితో కూడా ఎవరూ మాట్లాడినట్లు లేదు. ఇరవై ఒక్క ఏళ్లవాడు, ఓటు హక్కు ఉన్నవాడు. అన్న తన బదులు కోర్టు మెట్లెక్కడం అతనికి ఇష్టమేనా అని అడగండి. నిజం చెప్పడానికి అతనే ముందుకొస్తే మీ ఇంట్లో సగం గొడవ చల్లారుతుంది.

ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోతే? అప్పుడు కూడా కారు మీది, సంతకం మీది. ఫారం మీద తప్పుడు పేరు రాయడానికి నిరాకరించే హక్కు మీకుంది. ఫారం ఇవ్వకుండా ఊరుకుంటే క్లెయిము మూసేస్తారు, అంతవరకే. నోటీసుకు మాత్రం జవాబు ఇచ్చి తీరాలి. దాని గడువు ఎప్పటితో ముగుస్తుందో మీరు రాయలేదు. ఈ ఉత్తరం చదివిన రోజే చూసుకోండి, సమయం చాలకపోతే వకీలు ద్వారా రెండు మూడు రోజులు అడగండి.

ఈ రాత్రికి చేయవలసింది మామగారి లైసెన్సు తీయించి తేదీ చూడటం. చెల్లుబాటులో ఉంటే పైన రాసిన ఉత్తరాన్నే పంపండి. లేదంటే "లైసెన్సు గల మా మామగారు" అన్న మాట తీసేసి, ఉన్నది ఉన్నట్లు రాయాలి. ఆ పక్షంలో పంపేముందు నాకు మరోసారి రాయండి, వాక్యాలు కలిసి చూద్దాం.